కాందిశీకుడెవరు?

తెలుగు పత్రికల భాషలో ఒక పాత మాట ఉంది. కాందిశీకుడు. సంస్కృతం నుంచి వచ్చింది. 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకి' అని అర్థం. ఏ దిక్కుకి పోవాలో తెలియక పరుగెత్తే మనిషి కాందిశీకుడు. ఇంగ్లీషువాడి రెఫ్యూజీలో ఆశ్రయం ఉంది. ఉర్దూలో పనాహ్‌గుజీన్ అంటాం, అందులో పనాహ్ ఉంది, అదీ ఆశ్రయమే. శరణార్థిలో శరణు ఉంది. కాందిశీకుడిలో మాత్రం ఏ ఆశ్రయమూ లేదు. వట్టి పరుగు ఉంది. వెనక మంట, ముందు చీకటి, మధ్యలో మనిషి.

పత్రికలో డెస్కు మీద కూర్చున్న కొత్తలో ఈ మాట నన్ను బాగా తికమక పెట్టింది. పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాల పునరావాసం గురించి వార్త వస్తే 'కాందిశీకుల శిబిరం' అని రాసేవాళ్లం. హైదరాబాద్ శివార్లలో భూముల తగాదా వస్తే, ఇంగ్లీషులో ఎవాక్యూ ప్రాపర్టీ అని ఉన్నదాన్ని 'కాందిశీకుల భూములు' అని రాసేవాళ్లం. చదివేవాళ్లకి ఇద్దరూ ఒకరే అనిపిస్తుంది. కానీ మొదటి కాందిశీకుడు అక్కడినుంచి ఇక్కడికి వచ్చినవాడు. రెండో కాందిశీకుడు ఇక్కడినుంచి అక్కడికి వెళ్లినవాడు. మొదటివాడికి సర్కారు ఇల్లిచ్చింది, అప్పిచ్చింది, పరిహారమిచ్చింది. రెండోవాడి ఇల్లు సర్కారు తీసుకుంది. తీసుకున్న ఆ ఇంటినే మొదటివాడికి ఇచ్చింది. తెలుగు మాట ఇద్దర్నీ ఒక్క పేరుతో పిలిచింది. చట్టం ఇద్దర్నీ ఎదురెదురు గళ్లలో రాసింది.

ఉర్దూలో ఈ గందరగోళం లేదు. వచ్చినవాడు పనాహ్‌గుజీన్. వెళ్లినవాడు తారిక్-ఎ-వతన్, వతన్‌ని వదిలేసినవాడు. వాడు విడిచిపోయిన ఆస్తి మత్రూకా జాయ్‌దాద్. వదిలేశాడు, విడిచిపోయాడు అనడంలోనే తీర్పు ఉంది. ఎందుకు వదిలాడు, వదిలాడా వదిలించారా అన్న ప్రశ్నకు ఆ మాటలో చోటు లేదు. సరిహద్దుకి అవతల ఇదే మనిషి ముహాజిర్ అయ్యాడు. హిజ్రత్ చేసినవాడికిచ్చే గౌరవం అందులో ఉంది. ఒక్క మనిషి, ఒక్క రైలు ప్రయాణం. స్టేషన్ మారితే పేరు మారింది, పేరుతో పాటు హక్కూ మారింది.

నా ప్రశ్న ఈ ఇద్దరి గురించి మాత్రమే అయితే ఈ వ్యాసం రాయనక్కర లేదు. ఈ రెండు గళ్లలోనూ పేరు లేని మూడో మనిషి ఒకరున్నారు. ఆ మనిషిని నేను ఎరుగుదును. ఆమె మా దాదీ.

దాదీది మెదక్ జిల్లాలో ఒక పల్లె. 1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్ అయినప్పుడు ఆమెకి పెళ్లయి ఏడాది. దాదా తాలూకా కచేరీలో చప్రాసీ. రెండు గదుల ఇల్లు, మూడెకరాల చెలక. నవాబీ లేదు, జాగీరు లేదు, రజాకారు టోపీ కూడా లేదు. ఒక రాత్రి ఊరు వదిలారు. కాలిబాటన రెండు రాత్రులు నడిచి పట్నం చేరారు. ఆ సంగతి అడిగితే ఆమె ఒక్కటే అనేది: "రాతోరాత్ భాగ్‌కే ఆయే, బేటా." రాత్రికి రాత్రే పారిపోయి వచ్చాం అని. ముహాజిర్ అనుకోలేదు, శరణార్థి అనుకోలేదు. భాగ్‌కే ఆయే. కాందిశీకుడు అనే మాటకి ఇంతకంటే మంచి అనువాదం నేను ఎక్కడా చూడలేదు. అయినా సర్కారు లెక్కలో ఆమె ఎన్నడూ కాందిశీకురాలు కాదు. ఎందుకు కాదో తెలుసుకోవాలంటే చట్టాల్లోకి వెళ్లాలి.

1947 ఆగస్టు తరవాత పశ్చిమ పంజాబ్, సింధ్, సరిహద్దు రాష్ట్రం నుంచి హిందువులు, సిక్కులు తండోపతండాలుగా వచ్చారు. తూర్పు బెంగాల్ నుంచి కూడా వచ్చారు. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో ఇలా వచ్చిపడ్డవాళ్లు 70 లక్షలకు పైనే. 1947 సెప్టెంబర్‌లోనే కేంద్రంలో సహాయ, పునరావాసాల కోసం ప్రత్యేక మంత్రిత్వశాఖ పెట్టారు. కురుక్షేత్రలో పెద్ద శిబిరం వేశారు. రేషను, గుడారాలు, దుప్పట్లు, చిన్న వ్యాపారాలకు అప్పులు, పిల్లలకు ఫీజులు, కొత్త కాలనీలు. అప్పుడే పుట్టిన పేద దేశం చేసిన పని అది. చిన్న పని కాదు. సికింద్రాబాద్‌లో సింధీ కాలనీ దారిలో పోతున్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. ఉన్నదంతా పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఇక్కడ మళ్లీ కొట్టు తెరిచారు, పిల్లల్ని చదివించారు. వాళ్లకిచ్చింది ఎందుకిచ్చారని అడిగే మనిషిని కాను నేను. ఇంకా ఇవ్వాల్సింది.

నేను అడిగేది వేరు. ఆ సాయానికి అర్హుడెవరో ఎలా తేల్చారు?

1950లో నిర్వాసితుల క్లెయిముల చట్టం వచ్చింది. పశ్చిమ పాకిస్తాన్‌లో తనకేం ఆస్తి ఉండేదో నిర్వాసితుడు రాసివ్వాలి. అధికారి విచారించి విలువ కట్టాలి. 1954లో నిర్వాసితుల పరిహార, పునరావాస చట్టం వచ్చింది. విలువ తేలిన క్లెయిముకి పరిహారం ఇచ్చారు. క్లెయిము పెద్దదయ్యేకొద్దీ రూపాయికి ఇచ్చే వంతు తగ్గేది. నగదుగా ఇవ్వచ్చు, బాండ్లుగా ఇవ్వచ్చు, ఇల్లో దుకాణమో ఇచ్చి దాని ధరలో సర్దుబాటు చేయచ్చు. ఇదంతా ఎక్కడినుంచి? పరిహార నిధి అని ఒకటి పెట్టారు. అందులో కేంద్రం తన ఆస్తులూ కలిపింది. కానీ ఆ నిధికి మూలం వెళ్లిపోయిన ముస్లింల ఇళ్లు, దుకాణాలు, భూములు. కస్టోడియన్ చేతిలో ఉన్న ఆస్తుల్ని కేంద్రం స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించగానే అసలు యజమాని హక్కు రద్దయిపోతుంది. 1950 నాటి ఎవాక్యూ ఆస్తుల నిర్వహణ చట్టం కస్టోడియన్‌ని కూర్చోబెట్టింది. 1954 చట్టం ఆ ఆస్తిని నిధిలోకి మళ్లించింది.

ఈ రెండు చట్టాల్లో నిర్వచనాల్ని పక్కపక్కన పెట్టి చదవండి. నిర్వాసితుడు ఎవరు? రెండు డొమినియన్లు ఏర్పడినందువల్ల గానీ, అల్లర్ల వల్ల గానీ, అల్లర్ల భయం వల్ల గానీ, 1947 మార్చి 1 తరవాత పశ్చిమ పాకిస్తాన్‌లో తన ఊరు వదిలి ఇండియాలో ఉంటున్నవాడు. ఎవాక్యూ ఎవరు? రెండు డొమినియన్లు ఏర్పడినందువల్ల గానీ, అల్లర్ల వల్ల గానీ, అల్లర్ల భయం వల్ల గానీ, 1947 మార్చి 1 నాటి నుంచి ఇక్కడ తన ఊరు వదిలి ఇండియా బయటికి వెళ్లినవాడు. కారణం ఒకటే. భయం ఒకటే. తారీకు ఒకటే. చట్టం రాసినవాళ్లకే తెలుసు, ఇద్దరూ ఒకే భయంతో పరుగెత్తారని. తేడా దిక్కులో ఉంది. ఈ దిక్కుకి పరుగెత్తినవాడు అర్హుడు. ఆ దిక్కుకి పరుగెత్తినవాడు ఆ అర్హుడికిచ్చే సాయానికి పెట్టుబడి.

రెండు చట్టాల్లోనూ హిందువు అనే మాట లేదు, ముస్లిం అనే మాట లేదు. లౌకిక రాజ్యం కదా, రాయరు. రాయకపోయినా పని జరిగిపోయింది. రెండు చేతులా ఇదే పని జరిగిందని కూడా ఒప్పుకోవాలి. పాకిస్తాన్ కూడా హిందువుల, సిక్కుల ఆస్తులకి ఇలాంటి చట్టాలే చేసింది. అక్కడి కస్టోడియన్ పుణ్యాత్ముడేం కాదు. అక్కడి పాపం ఇక్కడి పాపానికి జమాఖర్చు అయిపోయింది. ఆ లెక్క సరిచూసుకున్నవి రెండు సర్కార్లు. పోగొట్టుకున్న మనుషుల్ని ఎవరూ పిలిచి అడగలేదు.

వెళ్లినవాడు తిరిగొస్తే? 1948 జూలైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్లకి పర్మిట్ పద్ధతి పెట్టారు. రాజ్యాంగంలో 6, 7 అధికరణాలు చూడండి. అటునుంచి 1948 జూలై 19కి ముందు వచ్చినవాడు, ఇక్కడే ఉంటే చాలు, పౌరుడు. ఆ తరవాత వచ్చినవాడు దరఖాస్తు పెట్టి నమోదు కావాలి. ఇక్కడినుంచి 1947 మార్చి 1 తరవాత అటు వెళ్లినవాడు పౌరుడు కాడు. శాశ్వతంగా తిరిగి రావడానికి పర్మిట్ దొరికితే అప్పుడు చూస్తారు. ఢిల్లీలో పహాడ్‌గంజ్ తగలబడుతుంటే భయపడి కరాచీలో అన్న దగ్గర నాలుగు నెలలు తలదాచుకున్న దర్జీవాడు తిరిగొచ్చేసరికి పరదేశీ అయ్యాడు. వాడి మిషను ఉన్న గది మత్రూకా అయింది.

అసలు వెళ్లనివాడి మాటేమిటి? 1949 ఆర్డినెన్సులోనూ 1950 చట్టంలోనూ 'వెళ్లబోయేవాడు' అని ఇంకో గడి పెట్టారు. ఆస్తిని, డబ్బుని అటు తరలిస్తున్నాడని అనుమానం వస్తే మనిషి ఇక్కడే ఉన్నా సరే, వాడి మీద ఆ ముద్ర వేయచ్చు. ముద్ర పడితే తన ఇంటిని తాను అమ్ముకోలేడు. కొన్నేళ్లకి ఆ భాగం తీసేశారు. 1954 మే 7 తరవాత ఏ ఆస్తినీ కొత్తగా ఎవాక్యూ ఆస్తిగా ప్రకటించకూడదని సవరణ చేశారు. కానీ ఆ నాలుగైదేళ్లలో మన మనసుల్లో పడ్డ ముద్ర ఏ సవరణతోనూ పోలేదు. 'మీరు ఎప్పుడు వెళ్తారు?' అని సరదాకి అడిగే పొరుగువాడికి తెలియకపోవచ్చు గానీ, ఆ సరదా ఒకప్పుడు చట్టంలో అధ్యాయం.

ఇక మూడో మనిషి. 1947 సెప్టెంబర్‌లో ఢిల్లీ ముస్లింలు పురానా ఖిల్లాలో, హుమాయూన్ సమాధి తోటలో గుమిగూడారు. సొంత ఊళ్లోనే శిబిరం. కొందరు రైలెక్కి పోయారు. పోనివాళ్లు తమ గల్లీకి తిరిగి వెళితే ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. ఆ వేరేవాళ్లూ లాహోర్‌లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లే. ఇద్దరూ కాందిశీకులే. పరిహారం పుచ్చుకునే అర్హత మాత్రం ఒకరికే. రెండోవాడు పశ్చిమ పాకిస్తాన్ నుంచి రాలేదు కదా. పరుగు ఉంది, నష్టం ఉంది, సరిహద్దు దాటడం లేదు. సరిహద్దు దాటని పరుగుకి ఆ చట్టంలో పేరు లేదు.

మన హైదరాబాద్ కథ ఇంకా చిక్కు. 1947, 48లలో ఈ రాజ్యంలో మూడు పరుగులు జరిగాయి. రజాకార్ల దౌర్జన్యానికి, నిజాం పోలీసులకు భయపడి హిందువులు సరిహద్దు దాటి బెజవాడకి, షోలాపూర్‌కి పోయారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల పల్లెలు ఆ రోజుల్ని మరిచిపోలేదు, మరిచిపోకూడదు. అదే కాలంలో సెంట్రల్ ప్రావిన్సెస్, బీరార్, బొంబాయి, మద్రాసు రాష్ట్రాల నుంచి ముస్లింలు అల్లర్లకి భయపడి హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చారు. ఇస్లామీ రియాసత్ కాపాడుతుందని వచ్చారు. నిజాం సర్కారు వాళ్లకి నీడ ఇచ్చింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. వెంటనే మొదటి పరుగు వెనక్కి తిరిగింది, సరిహద్దు శిబిరాల్లో ఉన్నవాళ్లు ఇళ్లకి చేరారు. మంచిదే. రెండో పరుగులో వచ్చినవాళ్లని కొత్త సర్కారు వాళ్ల వాళ్ల రాష్ట్రాలకి తిప్పి పంపింది. అప్పుడు మూడో పరుగు మొదలైంది. పల్లెల నుంచి, చిన్న కసబాల నుంచి ముస్లింలు పట్నానికి.

ఆ పరుగుకి కారణం ఏమిటో రాసిన కాగితం ఒకటుంది. నెహ్రూ ప్రభుత్వం పంపితే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్ చివర నుంచి డిసెంబర్ మూడో వారం దాకా ఈ జిల్లాల్లో తిరిగారు. పోలీసు యాక్షన్‌లోనూ ఆ తరవాతా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నాయని రాశారు. ఆ తరవాతి వరసలో మన నల్లగొండ, మెదక్ ఉన్నాయి. రజాకార్లు చేసినదాన్ని వాళ్లు దాచలేదు. దానికి బదులు తీర్చుకున్నది రజాకారు కానివాళ్ల మీద అని కూడా దాచలేదు. దాచింది ఢిల్లీ. ఆ నివేదిక అందరూ చదివేందుకు వీలైంది 2013లో. 65 ఏళ్లు.

లెక్క దాచిన చోట సాయం ఎలా వస్తుంది? ఏ సాయమూ అందలేదని అనను. అక్కడక్కడ వితంతువులకి, అనాథలకి కొంత చేశారు. కొందరు మంచి అధికారులు, కొందరు కాంగ్రెస్ పెద్దలు, హిందూ ఇరుగుపొరుగు ప్రాణాలు నిలబెట్టారు. మా దాదీ వాళ్లని ఊరి పొలిమేర దాటించింది ఒక గొల్ల రామయ్య తాత అని, ఆయన లేకపోతే మేం లేమని ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ దయ వేరు, హక్కు వేరు. రావల్పిండిలో ఇల్లు పోయినవాడు క్లెయిము కాగితం చేత్తో పట్టుకుని అధికారి ముందు నిలబడగలిగాడు. 'ఇది నా హక్కు' అనగలిగాడు. మెదక్‌లో ఇల్లు పోయినామెకి అలాంటి కాగితమే అచ్చు కాలేదు. ఆమె పాకిస్తాన్ నుంచి రాలేదు గనక నిర్వాసితురాలు కాదు. పాకిస్తాన్‌కి పోలేదు గనక ఎవాక్యూ కూడా కాదు. ఇక్కడే ఉండిపోవడం ఆమె చేసిన తప్పు.

అదే సమయంలో ఎవరికి ఏం దొరికిందో చూడండి. నిజాంకి ఏడాదికి 50 లక్షల రూపాయల రాజభరణం దొరికింది. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్ పదవి దొరికింది. 1949లో జాగీర్లు రద్దయితే జాగీర్దార్లకి బదులు పైకం కట్టిచ్చారు. ముస్లిం రాజ్యం పోయిందని ఏడ్చినవాళ్లలో రాజుకీ జాగీర్దారుకీ నష్టపరిహారం ముట్టింది. చప్రాసీకి, జవానుకి, బండివాడికి, దూదేకులవాడికి ముట్టలేదు. మైనారిటీ అంటే ఒకే ముద్ద అనుకునేవాళ్లు, మనలో కూడా చాలామంది ఉన్నారు, ఈ జమాఖర్చు ఒకసారి చూడాలి. రాజ్యం పోయింది మాది అన్నారు మనతో. రాజ్యం మనదెప్పుడు?

అరబ్బుల సంగతి మరీ విచిత్రం. హద్రమౌత్ నుంచి వచ్చి తరాలుగా నిజాం ఫౌజుల్లో పని చేసినవాళ్లు. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. 1948 తరవాత ఆ ఫౌజులు రద్దయ్యాయి. నౌకరీలు పోయాయి. నౌకరీ పోయిన మనిషికి సాయం చేయాలా వద్దా అని ఆలోచించాల్సిన సమయంలో సర్కారు వేసుకున్న ప్రశ్న వేరు: వీళ్లు ఇక్కడివాళ్లా, పరదేశీలా? ఎంతోమందిని నిర్బంధించారు. కొందరిని పంపించేశారు. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ ఊరి దక్కనీ తప్ప వేరే మాట రానివాళ్లు కూడా 'మీ దేశం ఏది' అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆకలిని కొలిచే ముందు పుట్టుకని కొలిచారు.

ఈ కొలత ఒక్క ముస్లింల దగ్గరే తప్పిందనుకుంటే పొరపాటు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన హిందువులు కూడా 1954 చట్టం కిందికి రాలేదు. నిర్వచనంలో పశ్చిమ పాకిస్తాన్ అని ఉంది. 1950 ఏప్రిల్‌లో నెహ్రూ-లియాకత్ ఒప్పందం జరిగింది కాబట్టి అక్కడ వాళ్ల ఆస్తి వాళ్లదే, తిరిగి వెళ్లచ్చు అన్నారు. వెళ్లలేరని అందరికీ తెలుసు. పంజాబీకి పరిహారం, బెంగాలీకి శిబిరం. 1964 తరవాత వచ్చినవాళ్లకి ఇంకో షరతు పెట్టారు. పశ్చిమ బెంగాల్ బయటికి పోతేనే పునరావాస సాయం. అలా దండకారణ్యానికి పంపారు. మన ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్ వైపు కూడా బెంగాలీ కాందిశీకుల ఊళ్లు వెలిశాయి. గంగ డెల్టాలో వరి, చేపలు తప్ప ఎరగని మనుషులు ఎర్రరాళ్ల నేలలో బతకడం నేర్చుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది నమశూద్రులు, దళితులు. సాయానికి దిక్కే కాదు, కులమూ కొలతే.

మంచి ఉదాహరణలు లేవా? ఉన్నాయి. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చాక రంగూన్ నుంచి మన తెలుగువాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ పేరు ఉంది. వాళ్లకి అప్పులిచ్చారు, స్థలాలిచ్చారు. బర్మా నుంచీ సిలోన్ నుంచీ తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో రెప్కో అని సహకార బ్యాంకే పెట్టారు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటిమంది దాకా వచ్చారు. ఆ శిబిరాల్లో హిందువులే ఎక్కువైనా ముస్లింలూ ఉన్నారు. అన్నం పెట్టేటప్పుడు మతం అడగలేదు. ఆ ఏడాది ప్రతి ఉత్తరం మీదా అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్ల అదనంగా అంటించాలన్నారు. మా ఇంట్లో పాత ఉత్తరాల కట్టలో ఆ బిళ్ల ఉన్న కవరు ఒకటి నాకు దొరికింది. ఊరు వదిలి వచ్చినందుకు అయిదు పైసలైనా పుచ్చుకోని మా దాదీ ఇల్లు, ఎవరో ఊరు వదిలి వచ్చారని అయిదు పైసలు ఇచ్చింది. ఆ బిళ్లని చూసి ఏడవాలో గర్వపడాలో నాకు తెలియలేదు. ఇప్పుడు మాత్రం గర్వపడతాను. సాయం అనేది అలా ఉండాలి. ఎవరు, ఎటునుంచి అని అడగకుండా.

కానీ దేశం ఆ దారిన నడవలేదు. పరిహారం చట్టాన్ని 2005లో రద్దు చేశారు, పని అయిపోయిందని. రెండో గడి మాత్రం వేరే చట్టంలో మిగిలింది. 1968లో శత్రువు ఆస్తి చట్టం వచ్చింది. 2017లో దాన్ని సవరించి, పాకిస్తాన్ వెళ్లినవాడి వారసుడు భారత పౌరుడే అయినా ఆ ఆస్తి మీద హక్కు లేదన్నారు. 2005లో సుప్రీంకోర్టులో గెలిచిన మహమూదాబాద్ వారసుడి గెలుపు కూడా దాంతో పోయింది. తండ్రి వెళ్లాడు, కొడుకు ఉండిపోయాడు. ఉండిపోయినందుకు వాడికి పౌరసత్వం దక్కింది, ఇల్లు దక్కలేదు.

1954 చట్టంలో రాయకుండా దాచిన మాటని 2019లో బాహాటంగా రాశారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి 2014 డిసెంబర్ 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులు. వీళ్లు అక్రమ వలసదారులు కారు. నిబంధనలు 2024 మార్చిలో వచ్చాయి. కాందిశీకుడి నిర్వచనంలో మతం పేరు అచ్చయింది. ఒక విధంగా నయమే. డెబ్బై ఏళ్లుగా మనం 'ఉంది' అంటే 'ఎక్కడుంది చూపించు' అన్నవాళ్లకి ఇప్పుడు చూపించచ్చు.

ఇక మన కళ్లముందు జరిగింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చింది. పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలకి కార్డు లేకపోయినా మనిషికి 12 కిలోలు, 500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేనివాడికీ కడుపు ఉంటుందని ఒక సర్కారు ఒప్పుకోవడం నాకు నచ్చింది, రాశాను కూడా. అదే వారం బాలాపూర్ వెళ్లాను. అక్కడ రోహింగ్యాల గుడిసెలు. బర్మాలో ఇళ్లు కాలి, బంగ్లాదేశ్ మీదుగా ఏ దిక్కుకి పోవాలో తెలియక ఇంతదూరం వచ్చినవాళ్లు. చెత్త ఏరుకుని, కూలి చేసుకుని బతికే మగవాళ్లంతా ఇంట్లో కూర్చున్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు చూపించారు. ఆ కార్డుకి ఇక్కడి రేషను దుకాణంలో విలువ లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. వాళ్లు కార్డున్న కుటుంబాల జాబితాలో లేరు, పక్క రాష్ట్రాల కూలీల జాబితాలో లేరు. స్వచ్ఛంద సంస్థలు, చుట్టుపక్కల జనం ఇచ్చిన సరుకులే దిక్కు. ఒకామెని ఎలా వచ్చారని అడిగాను. వచ్చీరాని ఉర్దూలో చెప్పింది. అందులో నాకు అర్థమైన మాట ఒక్కటి: భాగ్‌కే. ఆ ఒక్క మాటతో డెబ్బై రెండేళ్లు కరిగిపోయి నేను మా దాదీ ముందు కూర్చున్నట్టయింది.

ఇక్కడ మనల్ని మనం కూడా అడుగుకోవాలి. 'ఈ బర్మావాళ్ల వల్ల మన మీద కూడా అనుమానం వస్తోంది' అనే మాట పాతబస్తీ చాయ్ హోటళ్లలో నేను విన్నాను. మనం పాతవాళ్లం, వాళ్లు కొత్తవాళ్లు. మనం ఇక్కడివాళ్లం, వాళ్లు పరాయివాళ్లు. ఈ మాటలు ఎక్కడ నేర్చుకున్నాం? 'వెళ్లబోయేవాడు' అని మన తాతల మీద వేసిన ముద్రనే మనం తీసి ఇంకొకడి మీద వేస్తున్నాం. గడి ఎవరు గీసినా గడే. అందులో ఒకడు తగ్గితే ఇంకొకడిని నిలబెట్టాల్సి వస్తుంది.

దాదీ 2003లో చనిపోయింది. ఆమె రేకుపెట్టెలో ఊరి ఇంటికి సంబంధించిన కాగితం ఒక్కటి కూడా లేదు. రాత్రికి రాత్రి పరుగెత్తే మనిషి పట్టా కాగితం వెతుక్కోదు. ఈ రోజు అదే కాగితాన్ని ఆమె మనవళ్లని అడుగుతున్నారు. తాత ఎక్కడ పుట్టాడు, నానమ్మ ఎక్కడ పుట్టింది, రుజువేది? ఆమె పోగొట్టుకున్నదానికి పరిహారం ఇవ్వలేదు సరే. పోగొట్టుకోవడమే ఇప్పుడు నేరం కింద వచ్చి కూర్చుంది.

మేం అడిగేది పెద్దదేం కాదు. దిక్కుని కొలవకండి, నష్టాన్ని కొలవండి. లాహోర్ నుంచి వచ్చినామెకి ఇచ్చినది తప్పు కాదు. మెదక్ నుంచి వచ్చినామెకి ఇవ్వకపోవడం తప్పు. బాలాపూర్ గుడిసెలో ఆమెకి ఇవ్వకపోవడమూ తప్పే. 1948 మృతుల పేర్లు, పోయిన ఇళ్లు, ఖాళీ అయిన ఊళ్లు జిల్లాలవారీగా ఇప్పటికైనా లెక్క తీయాలి. డబ్బు కోసమని కాదు. తీసుకోవాల్సినవాళ్లు చాలామంది మట్టిలో కలిసిపోయారు. ఈ నేల మీదే, ఈ నేల వదలకుండా, కాందిశీకులైనవాళ్లు ఉన్నారని ఒక్క సర్కారు కాగితం మీదైనా రాసి ఉండాలి.

తెలుగు మాట ఆ పని ఎప్పుడో చేసింది. అటు పోయినవాడినీ ఇటు వచ్చినవాడినీ ఒకే పేరుతో పిలిచింది. డెస్కు మీద కూర్చున్న కొత్తలో అది భాష చేసిన పొరపాటు అనుకున్నాను. చట్టానికి లేని న్యాయం ఆ పొరపాటులో ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను.